కాలం చేసిన బిరుదులు: పాతబస్తీ రికార్డుల చిట్టా

1724 నుంచి 1948 దాకా 224 ఏళ్లు. అంకె ఉన్న నిజాములు ఏడుగురు, అంకె దక్కని వాళ్లు ముగ్గురు. వాళ్ల కొలువులో దివాన్లు, పేష్కార్లు, పాయగా నవాబులు, రాజాలు, జమేదార్లు. అందరికీ బారెడేసి బిరుదులు. చట్టం లెక్కలో వాటిలో ఇవాళ మిగిలినవి ఎన్ని? సున్నా! చార్మినార్ చుట్టూ దేవిడీల్లో పుట్టి, పేరు మోసి, మాసిపోయిన ఆ బిరుదుల్లో ఏది పొడుగు, ఏది పొట్టి? ఏది ముందు పోయింది, ఏది చివరిదాకా నిలిచింది? వరసగా ఇవిగో.

అతి పొడవైనది

కిరీటం ఏడో నిజాంకే. హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్, రుస్తుమ్-ఎ-దౌరాన్, అరస్తూ-ఎ-జమాన్, లెఫ్టినెంట్ జనరల్, ముజఫ్ఫర్-ఉల్-ముల్క్ వల్ మమాలిక్, ఆసఫ్ జా, నిజాం-ఉల్-ముల్క్, నిజాం-ఉద్-దౌలా, నవాబ్ సర్ మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ బహదూర్, సిపహ్‌సలార్, ఫతే జంగ్, జి.సి.ఎస్.ఐ., జి.బి.ఇ. ఇందులో సొంత పేరు నాలుగు మాటలే. మిగతాదంతా తగిలింపే. ఫర్మానా చదివేవాడు మధ్యలో ఊపిరి తీసుకోక తప్పదు!

దేశం మొత్తానికి ఒక్కటే

బ్రిటిషు కాలంలో సంస్థానాలు 560కి పైగా. హైనెస్‌లు డజన్ల కొద్దీ. ఎగ్జాల్టెడ్ హైనెస్ మాత్రం ఒకే ఒక్కరు. మొదటి ప్రపంచయుద్ధంలో చేసిన సాయానికి మెచ్చి 1918లో అయిదో జార్జి చక్రవర్తి ఇచ్చిన గౌరవం అది. 21 తోపుల సలాం అందుకున్న సంస్థానాలు అయిదు: హైదరాబాదు, మైసూరు, బరోడా, గ్వాలియరు, జమ్మూ కాశ్మీరు. తోపుల లెక్కలో అయిదూ సమానం. ఆ ఒక్క విశేషణంతో హైదరాబాదు ఒక మెట్టు పైన.

అతి విశాలమైన నీడ

ఆ బిరుదు కింద ఉన్న నేల 82,698 చదరపు మైళ్లు. ఇంగ్లండు, స్కాట్లాండు రెండూ కలిపినా అంతకన్నా తక్కువే. 1941 నాటికి జనాభా కోటీ 60 లక్షల పైమాట. తెలంగాణ, మరాఠ్వాడా, కన్నడ జిల్లాలు, మూడూ ఒకే గొడుగు కింద. సొంత రూపాయి, సొంత రైలు, సొంత తపాలా బిళ్ల!

ఎక్కువ మెట్లున్న నిచ్చెన

అడుగు మెట్టు ఖాన్. ఆపైన ఖాన్ బహదూర్. ఆపైన జంగ్, దౌలా, ముల్క్, ఉమ్రా. చిట్టచివర జా. మొత్తం ఏడు మెట్లు. హిందూ ఉమ్రావులకు వేరే నిచ్చెన: రాయ్, రాజా, రాజా బహదూర్, వంత్, మహారాజా. తండ్రి జంగ్ అయినంత మాత్రాన కొడుకు జంగ్ కాడు. జాగీర్దారు కన్నుమూస్తే జాగీరు సర్కారు చేతికి పోయేది. వారసుడు నజరానా చెల్లించి, కొత్త సనదు పుచ్చుకుని, తండ్రి బిరుదును మళ్లీ ఇప్పించుకోవాలి. అలా తరం తరం అదే ఇంటికి అదే బిరుదు వచ్చి, అది వంశం సొత్తయింది.

అతి పాతది

ఆసఫ్ జాహీల కన్నా ముందు అస్తమించిన బిరుదు కుతుబ్ షా. గోల్కొండలో 1518లో మొదలు, 1687లో ముగింపు. 169 ఏళ్లు, ఎనిమిది మంది. ఎనిమిది నెలల ముట్టడి తర్వాత కోట ఔరంగజేబు వశమైంది. ఆఖరి సుల్తాను అబుల్ హసన్ తానీషా దౌలతాబాదు కోటలో బందీగా కాలం చేశాడు. ఏడు గుమ్మటాల దగ్గర పూర్వీకుల పక్కన ఆయనకు చోటు దొరకలేదు. సమాధి ఖుల్దాబాదులో ఉంది. బిరుదు, నేల, గోరీ మూడూ ఒకేసారి పోగొట్టుకున్న ఏకైక కుతుబ్ షాహీ!

ఎక్కువసార్లు పేరు మారిన మనిషి

తల్లిదండ్రులు పెట్టిన పేరు మీర్ కమ్రుద్దీన్. 1671లో పుట్టాడు. ఔరంగజేబు చిన్ కిలిచ్ ఖాన్ అన్నాడు. 1713లో ఫరూఖ్‌సియర్ నిజాం-ఉల్-ముల్క్ అన్నాడు. 1725లో మహమ్మద్ షా ఆసఫ్ జా అన్నాడు. ముగ్గురు పాదుషాలు, మూడు పేర్లు, ఒకే మనిషి. చివరి రెండు పేర్లూ వంశానికే ఇంటిపేర్లయి మరో రెండు శతాబ్దాలు నడిచాయి.

అతి తక్కువ కాలం

రెండు నెలలు! 1750 డిసెంబరులో నాసిర్ జంగ్ హత్య. వెంటనే మేనల్లుడు ముజఫ్ఫర్ జంగ్ దక్కను సుబేదారు. 1751 ఫిబ్రవరిలో కడప సీమలోని లక్కిరెడ్డిపల్లె దగ్గర కడప, కర్నూలు నవాబులతో పోరు. అక్కడే ప్రాణం పోయింది. పుదుచ్చేరి నుంచి బయల్దేరిన కొత్త పాలకుడు హైదరాబాదు గడప తొక్కనే లేదు.

అంకె దక్కని ముగ్గురు

1748లో మొదటి ఆసఫ్ జా మరణం. 1762లో రెండో ఆసఫ్ జా గద్దె ఎక్కాడు. మధ్యలో 14 ఏళ్లు ఏలిందెవరు? నాసిర్ జంగ్, ముజఫ్ఫర్ జంగ్, సలాబత్ జంగ్. వీళ్లలో సలాబత్ జంగ్ ఒక్కడే 11 ఏళ్లు ఏలాడు. చౌమహల్లా మహల్ కట్టడం మొదలైంది అతని కాలంలోనే. అయినా ఆసఫ్ జాల వరస లెక్కలో అతనికి నంబరు లేదు. తమ్ముడు నిజాం అలీ చేతిలో గద్దె పోగొట్టుకుని, 1763లో బీదరు కోటలో బందీగా పోయాడు.

అతి చిన్న వయసు, అతి దీర్ఘ పాలన

రెండు రికార్డులూ ఒకరివే. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ 1866లో పుట్టాడు. 1869లో గద్దె. వయసు రెండున్నరేళ్లు! మాటలు పూర్తిగా రాకముందే మీద పడ్డ బిరుదులు నోరు తిరగనన్ని. 1911 దాకా పాలన, మొత్తం 42 ఏళ్ల ఆరు నెలలు. రెండో స్థానం 41 ఏళ్లతో నిజాం అలీ ఖాన్‌ది. ఏడో నిజాం 37 ఏళ్లతో మూడో స్థానంలో ఆగాడు.

ఎక్కువ మంది దివాన్లను ఇచ్చిన ఇల్లు

మీర్ ఆలం, అల్లుడు మునీర్-ఉల్-ముల్క్, ఆ తర్వాత సిరాజ్-ఉల్-ముల్క్, మొదటి సాలార్ జంగ్, రెండో సాలార్ జంగ్, మూడో సాలార్ జంగ్. ఒకే బంధువర్గం, ఆరుగురు దివాన్లు. మొదటివాడు 1804లో పదవి ఎక్కాడు, ఆఖరివాడు 1914లో దిగాడు. మధ్య దూరం 110 ఏళ్లు. అఫ్జల్‌గంజ్ వంతెనకు అవతల ఉన్న దివాన్ దేవిడికి ఆ పేరు ఊరికే రాలేదు.

అతి గట్టి ఆనవాలు

మీర్ ఆలం 1808లో పోయాడు. ఆయన కట్టించిన చెరువు కట్ట ఇంకా నిలిచే ఉంది. శ్రీరంగపట్నం యుద్ధంలో వచ్చిన సొమ్ముతో కట్టిన కట్ట. నేరుగా సాగే గోడ కాదు, అర్ధచంద్రాకారపు కమానులు 21 పక్కపక్కనే పేర్చినట్టుంటుంది. నీళ్ల ఒత్తిడిని కమానులు పంచుకుంటాయి. ఆయన మంత్రిపదవి నాలుగేళ్లు, ఆయన కట్ట రెండు శతాబ్దాల పైన!

అతి దీర్ఘ మంత్రిత్వం

1853లో మీర్ తురాబ్ అలీ ఖాన్ దివాను అయ్యాడు. వయసు 24. ఖజానా ఖాళీ, జీతాలు బాకీ, అదే ఏడు బేరారు ఇంగ్లీషువాళ్ల చేతికి. చరిత్రలో మొదటి సాలార్ జంగ్ ఈయనే. దాదాపు 30 ఏళ్లు పదవిలో ఉన్నాడు. ముగ్గురు నిజాముల కొలువు చూశాడు. 1876లో ఇంగ్లండు వెళ్తే ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం గౌరవ పట్టా కట్టబెట్టింది. 1883 ఫిబ్రవరి 8న కలరాతో కన్నుమూశాడు.

అతి పసి వారసుడు

రెండో సాలార్ జంగ్ మూడేళ్లు దివానుగా ఉండి 1887లో దిగిపోయాడు. 1889 జూన్ 13న పుణేలో కొడుకు పుట్టాడు. నెల తిరక్కముందే తండ్రి పోయాడు, వయసు 26. ఉయ్యాలలో ఉన్న మీర్ యూసుఫ్ అలీ ఖాన్ ఒక పెద్ద జాగీరుకు, ఒక పెద్ద పేరుకు హక్కుదారుడు. తర్వాత ఆయనే మూడో సాలార్ జంగ్. ఆఖరివాడు కూడా.

అతి నిశ్శబ్దంగా ముగిసిన వంశం

మూడో సాలార్ జంగ్ పెళ్లి చేసుకోలేదు. 1949 మార్చి 2న మరణం. బిరుదు అక్కడితో సరి. ఇలాంటిదే ఐర్లండులో ఒకటి ఉంది. లిమరిక్ ప్రాంతంలో దాదాపు 700 ఏళ్లు నడిచిన నైట్ ఆఫ్ గ్లిన్ బిరుదు 29వ వారసుడు డెస్మండ్ ఫిట్జ్‌జెరాల్డ్‌తో 2011 సెప్టెంబరు 14న ఆగిపోయింది. ఆయనకు ముగ్గురు ఆడపిల్లలు. బిరుదు మగపిల్లలకే చెల్లుతుంది! అక్కడ 29 మంది, ఇక్కడ ముగ్గురు. ముగింపు ఒకటే.

అతి పెద్ద మిగులు

పిల్లలు లేరు, వస్తువులున్నాయి. సుమారు 43 వేల కళాఖండాలు! 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడిలో ప్రధాని నెహ్రూ చేతుల మీద మ్యూజియం ఆరంభం. 1961లో పార్లమెంటు చట్టంతో జాతీయ సంస్థ. 1968లో మూసీ ఒడ్డున ఇప్పటి భవనం. 1876 నాటి బెంజోనీ శిల్పం మేలిముసుగు రెబెక్కా, గంట కొట్టడానికి బయటికి వచ్చే బొమ్మ ఉన్న గడియారం, ఏనుగు దంతం కుర్చీలు, కత్తులు, ఖురాను ప్రతులు. ఒక్కో వస్తువు ముందు ఒక్క నిమిషం నిలబడినా అన్నీ చూడడానికి దాదాపు నెల రోజులు పడుతుంది, అదీ నిద్రాహారాలు మానేస్తే!

ఎక్కువ వియ్యాలు అందిన ఇల్లు

నిజాముల తర్వాత నిజాములంతటి వాళ్లు పాయగా నవాబులు. పాయగా దళాలు వాళ్లవి, సొంత జాగీర్లు వాళ్లవి. రెండో నిజాం కూతురు ఆ ఇంటి కోడలు. అయిదో నిజాం అఫ్జల్-ఉద్-దౌలా కూతుళ్లను ఖుర్షీద్ జా, వికార్-ఉల్-ఉమ్రా అనే అన్నదమ్ములిద్దరూ చేసుకున్నారు. అంటే ఇద్దరూ ఆరో నిజాంకి బావలు. నిచ్చెన చివరి మెట్టయిన జా రాచబిడ్డల తర్వాత ఈ ఇంటికే సులువుగా అందింది.

వరసగా రెండు ప్రధాని పదవులు

సర్ ఆస్మాన్ జా 1887 నుంచి 1893. సర్ వికార్-ఉల్-ఉమ్రా 1893 నుంచి 1901. మధ్యలో బయటివాడికి సందే లేదు. పాయగా ఇంట 14 ఏళ్లు ఏకధాటిగా ప్రధాని పదవి! అంతే వేగంగా పెద్దతరం వెళ్లిపోయింది. ఆస్మాన్ జా 1898లో, ఖుర్షీద్ జా, వికార్-ఉల్-ఉమ్రా ఇద్దరూ 1902లో. అయిదేళ్లలోపు మూడు శాఖల పెద్దలూ మాయం.

అతి ఖరీదైన ముచ్చట

ఫలక్‌నుమా. 1884లో శంకుస్థాపన, 1893లో పూర్తి. తొమ్మిదేళ్ల పని, సుమారు 40 లక్షల ఖర్చు. భోజనాల బల్ల చుట్టూ ఒకేసారి 101 మంది కూర్చోవచ్చు. కట్టించిన వికార్-ఉల్-ఉమ్రాకు ఆ ఖర్చు తలకు మించిన భారమైంది. 1897లో మహల్ ఆరో నిజాం పరమైంది. కట్టడానికి పట్టిన కాలం తొమ్మిదేళ్లు, యజమానిగా ఉన్న కాలం అందులో సగం కూడా లేదు. 2010 నుంచి అది హోటలు.

పుస్తకాల్లో ముందున్న నవాబు

కత్తి బిరుదుల ఇంట్లో పుట్టిన శాస్త్ర ప్రేమికుడు రెండో శంస్-ఉల్-ఉమ్రా ఫఖ్రుద్దీన్ ఖాన్. 1863లో మరణం. యూరపు విజ్ఞానగ్రంథాలను ఉర్దూలోకి మార్పించి, సొంత రాతి అచ్చుయంత్రం మీద వేయించాడు. సిత్త-ఎ-శంసియా పేరుతో ఆరు శాస్త్ర పుస్తకాల వరస తెచ్చాడు. ఉర్దూలో చదువు చెప్పే ఉస్మానియా విశ్వవిద్యాలయం వచ్చింది 1918లో. ఈయన పుస్తకాలు దానికి 70 ఏళ్ల పైచిలుకు ముందువి!

ఒకేచోట ఎక్కువ బిరుదులు

సంతోష్‌నగర్ పక్కన పిసల్‌బండలో పాయగా గోరీలు. 1787 నుంచి ఆ వంశం వారి ఖనన స్థలం అది. సున్నం గచ్చు, పాలరాయి, రాతి జాలీలు. ఒక జాలీ నమూనా ఇంకోదానిలా ఉండదని ఊళ్లో చెప్పుకుంటారు. శంస్-ఉల్-ఉమ్రాలు, అమీర్-ఎ-కబీర్లు, జాలు అందరూ ఒకే ఆవరణలో. దర్బారులో ఆసనాల వరస కోసం పోటీలు పడ్డ వాళ్లకు ఇక్కడ పక్కపక్కనే చోటు.

రెండుసార్లు ప్రధాని, రెండుసార్లూ 11 ఏళ్లు

మహారాజా కిషన్ పెర్షాద్, యమీన్-ఉస్-సల్తనత్. 1901 నుంచి 1912 దాకా ప్రధాని. 1926 నుంచి 1937 దాకా కార్యనిర్వాహక మండలి అధ్యక్షుడు. 11కి 11 కలిపితే 22. ఆరో నిజాం దగ్గరా ఏడో నిజాం దగ్గరా ప్రధానిగా చేసిన ఘనత. పేష్కారుగా మొదలై ప్రధాని దాకా ఎదిగిన రాజా చందూలాల్ వంశం ఆయనది. ఉర్దూ కవిగా కలం పేరు షాద్. 1940లో మరణం. షాలిబండలో దేవిడి పేరు ఇప్పటికీ ఆయనదే.

రాజ్యాన్ని రెండు దస్త్రాలుగా పంచుకున్న ఇళ్లు

ఒకటి రాయ్ రాయన్ ఇల్లు, రెండోది మాల్వాలా ఇల్లు. మరాఠీ బ్రాహ్మలైన రాయ్ రాయన్ల దస్త్రంలో మరాఠ్వాడా వైపు జిల్లాల లెక్కలు. సక్సేనా కాయస్థులైన మాల్వాలాల దస్త్రంలో తెలంగాణ వైపు లెక్కలు. ఏ ఊరి శిస్తు ఎంతో, ఏ జాగీరు ఎవరిదో ఈ రెండు ఇళ్లు చెప్పాల్సిందే. మొదటి సాలార్ జంగ్ పాలనా సంస్కరణలతో ఆ గుత్తాధిపత్యానికి గండి పడింది. పనిపోయాక కూడా బిరుదులు ఇంకో రెండు మూడు తరాలు నడిచాయి.

అతి దూరం నుంచి వచ్చిన జంగ్

బ్రిటిషు రెసిడెంటు జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్‌కు నిజాం ఇచ్చిన బిరుదు హష్మత్ జంగ్. పాతబస్తీ ఆడపడుచు ఖైరున్నిసాను పెళ్లాడాడు. 1805లో ఇద్దరు పిల్లలూ ఓడెక్కి ఇంగ్లండు వెళ్లిపోయారు. అదే ఏడు అక్టోబరులో తండ్రి కలకత్తాలో మరణించాడు. ఒక్క తరం, ఒక్క మనిషి, ఒక్క బిరుదు. ఆయన కట్టించిన రెసిడెన్సీ కోఠీలో ఉంది.

అతి దూరం వెళ్లిన బిరుదు

ఇది ఎదురు ప్రయాణం. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం సైన్యంలో జమేదార్లయిన అల్ ఖుఐతీ వంశం ఇక్కడి సంపాదనతో అక్కడ రాజ్యమే కట్టింది. షిహర్, ముకల్లా రేవుల సుల్తానులు వాళ్లే. హైదరాబాదు నుంచి ముకల్లాకు సుమారు 3 వేల కిలోమీటర్లు, నడుమ అరేబియా సముద్రం. 1967 సెప్టెంబరు 17న ఆ సుల్తానత్ ముగిసింది. ఏడో నిజాం మరణం అదే ఏడు ఫిబ్రవరి 24న. ఏడు నెలల తేడాలో రెండూ చరిత్రలోకి! అరబ్బు సిపాయిల బస్తీ బార్కస్ మాత్రం చాంద్రాయణగుట్ట దగ్గర అలాగే ఉంది.

నేల లేని బిరుదు

బేరారు యువరాజు! 1853లో బేరారు ఇంగ్లీషువాళ్ల పాలనకు పోయింది. 1902లో శాశ్వత కౌలు. 17 వేల చదరపు మైళ్ల పైబడ్డ నేల, పాలించేది నాగపూరు సర్కారు. 1936 ఒప్పందంలో నిజాంకు దక్కింది పేరులో ఒక అదనపు మాట, పెద్దకొడుకు ఆజం జాకు ప్రిన్స్ ఆఫ్ బేరార్ అనే హోదా. ఒక్క ఎకరం చేతికి రాలేదు. ఆజం జా నిజాం కూడా కాలేదు. తండ్రి వారసుడిగా మనవడిని నిలబెట్టాడు. 1970లో ఆజం జాతో పాటే ఆ బిరుదూ వెళ్లిపోయింది. దాన్ని ధరించిన వాళ్లు మొత్తం ఒక్కరు.

ఒకే ఉయ్యాలలో ఎక్కువ బిరుదులు

1931 నవంబరు 12న ఫ్రాన్సులోని నీస్ నగరంలో ఆజం జాకు దుర్రుషెవార్‌తో నికా. ఆమె తండ్రి రెండో అబ్దుల్ మజీద్, ఒట్టోమన్ల ఆఖరి ఖలీఫా. 1517 నుంచి 407 ఏళ్లు ఆ వంశంలో నడిచిన ఖలీఫా పదవి 1924 మార్చి 3న రద్దయింది. 1933లో అదే నీస్‌లో ముకర్రం జా పుట్టాడు. ఒక తాత ఆఖరి ఖలీఫా, ఇంకో తాత ఆఖరి పాలక నిజాం. ప్రపంచంలో ఇలాంటి జోడీ ఇంకెక్కడ?

బిరుదుతో చేతులు మారిన బరువైన రాయి

జాకబ్ వజ్రం 184.75 క్యారెట్లు. ఇప్పటి కోహినూరు 105.6 క్యారెట్లు. అంటే ఒకటిముప్పావు రెట్లు. చిన్న నిమ్మకాయంత రాయి, తూకం మూడు తులాల పైమాట. ఆరో నిజాం 1891లో బేరమాడిన ఈ వజ్రం కోర్టుకెక్కింది, తర్వాత ఒక పాదరక్షలో పడి ఉంది. ఏడో నిజాం దాన్ని కాగితాల మీద బరువుగా వాడాడు. 1995లో భారత ప్రభుత్వం 173 నగలను 218 కోట్లకు కొంది. ఆ 173లో ఇదొకటి.

అతి వేగంగా కూలినది

కట్టడానికి 224 ఏళ్లు, పడడానికి అయిదు రోజులు. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం కదిలింది, 17న నిజాం లొంగుబాటు. మరుసటి ఏడు 1949 ఆగస్టు 15న జాగీర్ల రద్దు నిబంధన వచ్చింది. హైదరాబాదు పంచాంగంలో 1358 ఫస్లీ. తరాలుగా సనదులు, నజరానాలతో నడిచిన జాగీర్దారీ ఒక్క కాగితంతో ఆగింది. జాగీరు లేని జంగ్‌లు మిగిలారు, జంగ్‌లకు జీతం మిగల్లేదు.

అతి తక్కువ ఆయుష్షున్న హోదా

రాజప్రముఖ్, అంటే రాష్ట్రాధిపతి. 1950 జనవరి 26న ఏడో నిజాం హైదరాబాదు రాష్ట్రానికి రాజప్రముఖ్ అయ్యాడు. 1956 అక్టోబరు 31తో సరి. ఆరేళ్ల తొమ్మిది నెలలు. రాష్ట్రం విడిపోయింది, హోదా రాజ్యాంగంలోంచే తొలగిపోయింది.

అతి పెద్ద భరణం, అతి చిన్న భరణం

నిజాంకు రాజభరణం ఏటా 50 లక్షల హాలీ సిక్కా రూపాయలు. భారత రూపాయల్లో 42,85,714. దేశంలో ఇదే మొదటి స్థానం. అడుగున ఎవరు? సౌరాష్ట్రలోని కటోడియా పాలకుడు. ఏటికి 192 రూపాయలు, నెలకు 16! రెండింటి మధ్య తేడా 22 వేల రెట్లు. ఇద్దరూ ఒకే జాబితాలో, ఒకే రకం ఒప్పందంతో.

అతి చిన్న తేడా

మూడోవంతు ఓటు! 1970 సెప్టెంబరు 5న రాజ్యసభలో రాజభరణాల రద్దు బిల్లుకు అనుకూలం 149, వ్యతిరేకం 75. కావలసింది మూడింట రెండు వంతులు, అంటే 149.33. బిల్లు వీగిపోయింది. మర్నాడే రాష్ట్రపతి ఉత్తర్వుతో రాజుల గుర్తింపు రద్దు. డిసెంబరు 15న సుప్రీం కోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. 1971 డిసెంబరు 28న 26వ రాజ్యాంగ సవరణ వచ్చింది. దేశంలోని సంస్థానాధీశుల బిరుదులన్నీ ఒక్క పోటుతో ముగిశాయి.

ఆకాశంలో ఎగిరిన బిరుదు

మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిషు వైమానిక దళం 110వ స్క్వాడ్రన్ విమానాలకు డబ్బు పెట్టింది నిజాం. ఆ దళానికి హైదరాబాద్ అనే పేరు చేరింది. దాన్ని చివరిసారి రద్దు చేసిన ఏడు? అదీ 1971!

అతి లాభమైన మార్పు

1923లో జాగీర్దార్ కాలేజీ. జాగీర్దార్ల పిల్లలకే ప్రవేశం. 1949లో జాగీర్లు పోయాయి, మరి బడి? తలుపులు అందరికీ తెరిచి హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ అయింది. జాగీర్దార్ల ఇళ్లలో మొదలైన హాజరుపట్టీ మైక్రోసాఫ్ట్ అధిపతి సత్య నాదెళ్ల దాకా వచ్చింది.

అతి దీర్ఘమైన దావా

1948 సెప్టెంబరు 20న లండను బ్యాంకులో పాకిస్తాన్ రాయబారి ఖాతాకు నిజాం సర్కారు సొమ్ము జమ: 10,07,940 పౌండ్ల 9 షిల్లింగులు. లొంగిపోయి అప్పటికి మూడు రోజులు. ఇవ్వండని నిజాం, మాదని పాకిస్తాన్, మాదీ అని భారత్. 2019 అక్టోబరు 2న లండను హైకోర్టు తీర్పు భారత్‌కు, నిజాం మనవళ్లకు అనుకూలం. 71 ఏళ్లలో పది లక్షలు మూడున్నర కోట్ల పౌండ్లయ్యాయి. రాజ్యం పోయింది, బిరుదు పోయింది, వడ్డీ పెరిగింది!

ఆఖరి గుర్తింపు

1967లో తాత పోగానే ముకర్రం జాను భారత ప్రభుత్వం వారసుడిగా గుర్తించింది. చౌమహల్లాలో పట్టాభిషేక వేడుక. భరణం 20 లక్షలకు తగ్గింది. నాలుగేళ్ల పది నెలలకు గుర్తింపే రద్దు. తర్వాత పశ్చిమ ఆస్ట్రేలియాలో సుమారు 5 లక్షల ఎకరాల గొర్రెల క్షేత్రం, ఆపైన టర్కీ. 2023 జనవరి 14న ఇస్తాంబుల్‌లో మరణం, వయసు 89. ఆసఫ్ జాహీల్లో మొదటివాడు 76 ఏళ్లు బతికాడు, ఏడోవాడు 80. ఆయుష్షులో ఈయనే ముందు, పాలనలో సున్నా.

వంశం తిరిగి కలిసిన చోటు

మక్కా మసీదు. రెండో నిజాం నుంచి ఆరో నిజాం దాకా అయిదుగురి సమాధులూ అక్కడే. మొదటి ఆసఫ్ జా ఖుల్దాబాదులో, ఏడో నిజాం కింగ్ కోఠి ఎదుట జూదీ మసీదులో. 1911 తర్వాత 112 ఏళ్లకు, 2023లో ముకర్రం జా రాకతో ఆ వరసలో ఇంకో సమాధి చేరింది.

ఎక్కువ కుదించుకుపోయిన నివాసం

చౌమహల్లా ఒకప్పుడు 45 ఎకరాలు. ఇప్పుడు 12. నాలుగింట మూడు వంతులు బజారులోకి, ఇళ్లలోకి కరిగిపోయింది. ఖిల్వత్ దర్బారు హాలులో మాత్రం 19 బెల్జియం షాండిలియర్లు లెక్క తప్పకుండా వెలుగుతున్నాయి. ఒకప్పుడు బిరుదు లేనిదే లోపలికి అడుగు పడని చోటికి ఇప్పుడు టికెట్టు చాలు.

అతి చవకగా దొరికేది

ఏడో నిజాం పేరు మోసే వాటిలో విశ్వవిద్యాలయం ఉంది, ఆసుపత్రి ఉంది, ఉస్మాన్ సాగర్ జలాశయం ఉంది. అన్నిటికన్నా చవక ఇరానీ చాయ్ పక్కన దొరికే ఉస్మానియా బిస్కెట్టు. ఎగ్జాల్టెడ్ హైనెస్‌ను దర్శించాలంటే చేతిలో నజరానా అష్రఫీ ఉండాలి. దీనికి చిల్లర చాలు.

ఇంకా నోళ్లలో నలిగేవి

1890లో పాలమూరు మహబూబ్‌నగర్ అయింది. వికార్-ఉల్-ఉమ్రా పేరు వికారాబాదులో ఉంది. సికందర్ జా సికిందరాబాదులో, అఫ్జల్-ఉద్-దౌలా అఫ్జల్‌గంజ్‌లో, మీర్ ఆలం కూరగాయల మండీలో. అన్నిటికన్నా పెద్ద రికార్డు పాయగాలదే. శంస్-ఉల్-ఉమ్రా పేరిట వెలిసిన శంషాబాదులో 2008లో విమానాశ్రయం వచ్చింది. కాగితాల మీద దాని పేరు వేరు. క్యాబు డ్రైవరుకు చెప్పేది మాత్రం శంషాబాదే. ఏటా ప్రయాణికులు 2 కోట్ల మందికి పైగా. మనుషులకు తగిలించిన బిరుదులు చట్టంతో పోయాయి, ఊళ్లకు తగిలించినవి నిలిచాయి. శంస్-ఉల్-ఉమ్రాల నిండు దర్బారులో కూడా ఇన్ని నోళ్లు ఆ పేరు పలికి ఉండవు!